ఏకాభిప్రాయమా, సమ్మతా?: అమెరికాలో ఇంటర్నెట్ చిరునామాల పంపకం

అమెరికాలో ఇంటర్నెట్ చిరునామాలను పంచేది ప్రభుత్వం కాదు. అమెరికా, కెనడా, కరీబియన్ ప్రాంతంలోని అనేక ద్వీపాలకు ఆ పని చేసేది వర్జీనియాలోని ఒక లాభాపేక్షలేని సంస్థ: అమెరికన్ రిజిస్ట్రీ ఫర్ ఇంటర్నెట్ నంబర్స్, క్లుప్తంగా ఆరిన్. 1997 డిసెంబరులో పని మొదలుపెట్టిన ఈ సంస్థ పంపకపు నియమాలను సాధారణంగా తానుగా రాయదు. ఎవరైనా ఒక నియమాన్ని ప్రతిపాదించవచ్చు, ఎవరైనా దానిపై వాదించవచ్చు. చివరికి ‘కన్సెన్సస్’ కుదిరిందని తేలితే అది అమలులోకి వస్తుంది.

కన్సెన్సస్‌ను తెలుగులో ‘ఏకాభిప్రాయం’ అనడం అలవాటు. ఈ సందర్భంలో ఆ మాట దారి తప్పిస్తుంది. ఏకాభిప్రాయం అంటే అందరిదీ ఒకే అభిప్రాయం కావాలి. చిరునామాల పంపకంలో అందరి అభిప్రాయమూ ఒకటైన సందర్భాలు అరుదు. అక్కడ జరిగేది మరొకటి. అభ్యంతరాలన్నీ బయటికి వచ్చి, ప్రతిదానికీ సమాధానం దొరికిన తరువాత, ఓడిన పక్షం కూడా ‘ఇది నాకు నచ్చలేదు గాని దీనితో నడవగలను’ అనగల స్థితి. దానికి ‘సమ్మతి’ దగ్గరి మాట. ఈ పద్ధతి బలం ఆ సమ్మతిలోనే ఉంది. దాని పరిమితీ అక్కడే ఉంది: సమాధానం చెప్పవలసి వచ్చేది వచ్చి అడిగినవారికే.

పంచవలసిన వస్తువు

1981లో స్థిరపడిన నాలుగో తరం ఇంటర్నెట్ ప్రోటోకాల్‌లో చిరునామా పొడవు 32 బిట్లు. అంటే మొత్తం చిరునామాలు 4,294,967,296. అంతకు ఒక్కటి కూడా ఎక్కువ లేదు. బహిరంగ నెట్‌వర్క్‌పై ఒకే చిరునామా ఇద్దరి చేతిలో ఉండకూడదు కనుక, ఎవరికి ఏది ఇచ్చారో రాసిపెట్టే లెక్కపుస్తకం ఒకటి కావాలి. తొలినాళ్లలో ఆ పుస్తకం దాదాపుగా ఒక మనిషి చేతిలో ఉండేది. నెట్‌వర్కులో వాడే సంఖ్యలను ఒకరు కేటాయించి నమోదు చేయాలని 1972లోనే ప్రతిపాదించిన జాన్ పోస్టెల్, 1998లో మరణించేవరకు ఆ బాధ్యతకు కేంద్రంగా ఉన్నాడు.

ఆ రోజుల్లో ఇవ్వడానికి మూడే కొలతలు ఉండేవి: 256, 65,536, లేదా 1,67,77,216 చిరునామాలు. ఎం.ఐ.టి., ఫోర్డ్, ఆపిల్ వంటి సంస్థలకు మూడో కొలత దక్కింది. నెట్‌వర్క్ ఇంకా ప్రయోగదశలో ఉన్న కాలం అది. అడిగేవారు తక్కువ, నిల్వ అంతులేనిదిగా కనిపించింది. మధ్యరకం కొలతలతో ఇచ్చే వీలు 1993లో గాని కుదరలేదు. యూరప్‌కు 1992లో, ఆసియా పసిఫిక్‌కు 1993లో, ఉత్తర అమెరికాకు 1997లో, లాటిన్ అమెరికాకు 2002లో, ఆఫ్రికాకు 2005లో ప్రాంతీయ రిజిస్ట్రీలు ఏర్పడ్డాయి. అంటే నియమాలు చర్చించే వేదికలు సిద్ధమయ్యేనాటికే ఆస్తిలో పెద్ద భాగం పంపకం అయిపోయింది.

శివారు భూముల పాఠం

కొరతగా ఉన్న ఉమ్మడి వనరును వాడుకునేవారే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరా అన్న ప్రశ్నకు సామాజిక శాస్త్రంలో పేరెన్నికగన్న సమాధానం ఎలినార్ ఆస్ట్రమ్‌ది. 1965లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఆమె సిద్ధాంతవ్యాసం లాస్ ఏంజెలెస్ దగ్గరి భూగర్భజలాల గురించి. తోడేవారు పెరిగి సముద్రపు ఉప్పునీరు లోపలికి వస్తుంటే, బావులవారు సంఘంగా ఏర్పడి, చర్చలతోనూ కోర్టు ద్వారానూ వాటాలు తేల్చుకున్న కథ అది. 1990లో వచ్చిన ఆమె గ్రంథం అటువంటి వ్యవస్థలు ఎక్కడ నిలుస్తాయో సూత్రీకరించింది: వాటాదారులెవరో స్పష్టంగా ఉండాలి, నియమానికి లోబడేవారికి నియమం మార్చే హక్కు ఉండాలి, కాపలా ఉండాలి, తప్పుకు తగిన మోతాదులో శిక్ష ఉండాలి. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది.

ఈ అంశంపై తెలుగునేల నుంచి వెళ్లిన సాక్ష్యం ఒకటి ఉంది. రాబర్ట్ వేడ్ 1988లో ప్రచురించిన ‘విలేజ్ రిపబ్లిక్స్’ కర్నూలు ప్రాంతపు కాలువ కింది గ్రామాల అధ్యయనం. కొన్ని ఊళ్లలో రైతులే ఒక మండలిగా ఏర్పడి, ఉమ్మడి ఖర్చుతో నీటిమనుషులను, పొలం కాపలాదారులను నియమించుకోవడం ఆయన గమనించాడు. పక్కనే ఉన్న మరికొన్ని ఊళ్లలో అటువంటిదేమీ లేదు. తేడాకు కారణం మంచితనమో చైతన్యమో కాదు. కాలువ చివరికి దగ్గరగా, నీరు అందుతుందో లేదో తెలియని చోట ఉన్న ఊళ్లలోనే మండళ్లు బలంగా ఉన్నాయి. తలకట్టున ఉన్న ఊరికి అడగకుండానే నీరు వస్తుంది, మండలి దానికెందుకు? శివారు ఊరికి మండలి లేకపోతే పంట లేదు.

ఈ రెండు ఉదాహరణలలోనూ ఒక సామ్యం ఉంది. నష్టపోయేవాడే సభలో కూర్చున్నాడు. ఇంటర్నెట్ చిరునామాల పాలనను పరీక్షించవలసిన కొలబద్ద ఇదే.

ఓట్లు లెక్కించని సభ

ఆరిన్ విధానప్రక్రియ చూడటానికి సరళమైనది. ప్రతిపాదన రాగానే పదిహేనుమంది ఎన్నికైన సభ్యులున్న సలహామండలి దానిని స్వీకరిస్తుంది. మండలి సభ్యులే దానికి సంరక్షకులుగా ఉండి మాటలు సరిచేస్తారు. బహిరంగంగా చర్చ జరుగుతుంది; ఏటా రెండుసార్లు జరిగే సమావేశాలలో చేతులెత్తించి అనుకూలురు, వ్యతిరేకులు ఎందరో చూస్తారు. ఆ లెక్క మండలికి సూచన మాత్రమే, తీర్పు కాదు. ప్రతిపాదన నిష్పక్షపాతంగా ఉందా, సాంకేతికంగా నిలుస్తుందా, సమాజం మద్దతు ఉందా అన్న మూడు ప్రశ్నలకు మండలి జవాబు చెప్పాలి. ఆపై ‘ఆఖరి పిలుపు’ ఉంటుంది. చివరగా ధర్మకర్తల బోర్డు ఆమోదించాలి. మండలి తోసిపుచ్చిన ప్రతిపాదనను వినతిపత్రం ద్వారా తిరిగి తెచ్చే అవకాశమూ ఉంది.

ఈ పద్ధతికి మూలం ప్రోటోకాల్‌లను రూపొందించే ఇంజినీర్ల సంప్రదాయంలో ఉంది. ఓట్ల లెక్కను కాక స్థూలమైన సమ్మతిని, నిజంగా నడిచే ప్రోగ్రామును ప్రమాణంగా తీసుకోవాలన్న ఆదర్శం 1992 నాటికే అక్కడ నినాదమైంది. 2014లో పీట్ రెస్నిక్ రాసిన పత్రం దానికి మంచి వ్యాఖ్యానం. ఆయన వాదన ప్రకారం వందమంది ఔనన్నా, ఐదుగురు లేవనెత్తిన సాంకేతికమైన అభ్యంతరానికి జవాబు లేకపోతే సమ్మతి కుదరనట్టే. జవాబు దొరికితే ఆ ఐదుగురు ఒప్పుకోకపోయినా కుదిరినట్టే.

అయితే ఈ సంప్రదాయాన్ని ప్రోటోకాల్ నుంచి పంపకానికి తెచ్చినప్పుడు ఒక ముఖ్యమైన భాగం దారిలో జారిపోయింది. ప్రోటోకాల్ తప్పుగా రాస్తే యంత్రం పనిచేయదు. సభ చేసిన పొరపాటును ప్రోగ్రామే బయటపెడుతుంది. పంపకపు నియమానికి అటువంటి పరీక్ష లేదు. అన్యాయమైన పంపకం కూడా నిరాటంకంగా నడుస్తుంది. తప్పును చెప్పవలసినది యంత్రం కాదు, నష్టపోయిన మనిషి. ఆ మనిషి సభకు రాకపోతే తప్పు ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

కొరత వచ్చిన తరువాత

2008, 2009 సంవత్సరాల చర్చ ఈ పద్ధతికి తొలి పెద్ద పరీక్ష. నిల్వ అడుగంటుతోందని అందరికీ తెలుసు. అప్పటిదాకా చిరునామా అవసరం ఉన్నవారికి ఇచ్చేది, అవసరం తీరితే తిరిగి ఇవ్వవలసినది. అమ్ముకునే వస్తువు కాదు. అమ్మకాన్ని అనుమతిస్తే మూలపడిన చిరునామాలు వాడుకలోకి వస్తాయని ఒక వాదం. ఉచితంగా పొందినవాడికి లాభం ముట్టజెప్పడమేమిటని మరో వాదం. చివరికి 2009లో బోర్డు తన అత్యవసర అధికారాన్ని ఉపయోగించి ప్రక్రియను ముందుకు నెట్టింది. ఒక సంస్థ నుంచి తాను ఎంచుకున్న మరో సంస్థకు బదిలీ సాధ్యమైంది. పుచ్చుకునేవాడు అవసరం నిరూపించాలన్న షరతు మాత్రం నిలిచింది. రెండు పక్షాలకూ పూర్తిగా నచ్చని, రెండు పక్షాలూ నడవగలిగిన నియమం అది. అయితే సమ్మతి తనంతట తాను పండలేదు, చివరి అడుగుకు పైనుంచి ఒక చేయి కావలసివచ్చింది.

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని ఆఖరి ఐదు ఖండాలను ఐదు రిజిస్ట్రీలకు పంచేశారు. అదే ఏడాది దివాలా తీసిన నార్టెల్ నుంచి మైక్రోసాఫ్ట్ 6,66,624 చిరునామాలను 75 లక్షల డాలర్లకు కొన్నది. ఒక్కొక్కటి 11 డాలర్ల 25 సెంట్లు. చిరునామాకు ధర ఉందని లోకానికి తెలిసిపోయింది. 2015 సెప్టెంబరు 24న ఆరిన్ స్వేచ్ఛానిల్వ పూర్తిగా ఖాళీ అయింది.

ఆపై మిగిలింది నిరీక్షణ జాబితా. తిరిగివచ్చిన కొద్దిపాటి చిరునామాలను వరుసక్రమంలో ఇచ్చేవారు. బజారులో ధర ఉన్న వస్తువును ఉచితంగా ఇచ్చే వరుసలో ఎవరు నిలబడతారో ఊహించడం కష్టం కాదు. దుర్వినియోగం అనుమానంతో 2019 మొదట్లో బోర్డు ఆ పంపకాన్ని నిలిపివేసింది. చర్చ తరువాత నియమం మారింది: ఒక్కొక్కరికి 1,024కు మించి ఇవ్వరు, అప్పటికే 4,096కు మించి ఉన్నవారు అర్హులు కారు, పుచ్చుకున్నది ఐదేళ్లపాటు బదిలీ చేయరాదు. అదే ఏడాది మే నెలలో దక్షిణ కరొలైనాలో ఫెడరల్ అభియోగం ఒకటి నమోదైంది. మిక్‌ఫో అనే కంపెనీ అధిపతి కల్పిత కంపెనీలను, లేని అధికారులను సృష్టించి ఏడు లక్షలకు మించిన చిరునామాలను సంపాదించాడన్నది అందులోని సారాంశం. ఆయన 2021లో నేరం అంగీకరించాడు.

2019 నాటి మార్పు సమ్మతి బలాన్ని చూపుతుంది. కొరత తీవ్రమైనప్పుడు పెద్దవారిని తప్పించి చిన్నవారికి చోటిచ్చే నియమాన్ని ఏ చట్టసభా లేకుండానే రాసుకోగలిగారు. కాని ఆ నియమం వల్ల ఏళ్ల తరబడి జాబితాలో ఎదురుచూసిన కొందరి పేర్లు తొలగిపోయాయి. వారిలో కొందరిని తిరిగి చేర్చడానికి 2020లో మరో ప్రతిపాదన రావలసివచ్చింది. అభ్యంతరం వినిపించాక వ్యవస్థ తనను తాను సరిదిద్దుకుంది. వినిపించేదాకా దానికి తెలియలేదు.

తలకట్టున ఉన్నవారు

సభకు రానివారు రెండు రకాలు. మొదటిరకం, రానవసరం లేనివారు. 1997కు ముందు చిరునామాలు పొందిన సంస్థలలో చాలామందికి ఏ ఒప్పందమూ లేదు. కొత్త షరతులు వారిని కట్టిపడేయవు. 2017లో ఎం.ఐ.టి. తన కోటీ అరవై లక్షల చిరునామాలలో కోటీ నలభై లక్షలు వాడుకలో లేవని తానే ప్రకటించి, కొంతభాగాన్ని అమ్మకానికి పెట్టింది. తలకట్టు ఊరి నీరు మళ్లింది గాని, మళ్లించినది మండలి కాదు, ధర.

ఔత్సాహిక రేడియోవారి కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 1981 నుంచీ ప్రపంచంలోని రేడియో ఔత్సాహికుల కోసం ఒక పెద్ద ఖండం ఉండేది. దాని బాధ్యత చూసే కాలిఫోర్నియా సంస్థ 2019లో అందులో నాలుగో వంతును, సుమారు 42 లక్షల చిరునామాలను, అమెజాన్‌కు అమ్మింది. ఆ సొమ్ముతో విజ్ఞాన, విద్యా రంగాలకు విరాళాలిచ్చే నిధి ఏర్పడింది. ఫలితం మంచిదే కావచ్చు. కాని వనరు ఎవరిపేర ఉందో ఆ సమాజాన్ని ముందుగా అడగలేదన్న ఆగ్రహం చాలామందిలో మిగిలిపోయింది. చర్చ పెట్టి ఉంటే అదే నిర్ణయం జరిగేదేమో. అడగడంవల్ల నిర్ణయం మారకపోయినా, ఓడినవారికి దానితో ఉండే సంబంధం మారుతుంది. సమ్మతి ఇచ్చేది అదే.

రెండోరకం, రాలేనివారు. పల్లెప్రాంతంలో నాలుగు వందల ఇళ్లకు కనెక్షన్ ఇచ్చే చిన్న కంపెనీకి సమావేశానికి పంపడానికి మనిషి ఉండడు. ఒకే చిరునామాను వందలమందితో పంచుకునే వినియోగదారుడికి తన సర్వరు బయటికి ఎందుకు కనిపించదో తెలియదు, తెలిసినా ఎవరినడగాలో తెలియదు. తలుపు తెరిచే ఉంది. ఈ రకంవారికి తలుపు ఎక్కడుందో తెలియదు. ఆచరణలో వాదించేది ఆ సమయానికి జీతం దొరికే ఉద్యోగులు, చిరునామాల దళారులు, ఏళ్లుగా వస్తున్న పాతకాపులు. వారి నిజాయితీని శంకించనక్కరలేదు. వారు శివారు ఊరివారు కారన్నది మాత్రం గమనించాలి.

ఆరవ తరం ప్రోటోకాల్‌లో చిరునామా 128 బిట్లు కనుక కొరత తీరినట్టేనని, ఈ చర్చంతా పాతకథేనని ఒక వాదం ఉంది. 1990ల చివరికే సిద్ధమైన ఆ ప్రోటోకాల్ ఇప్పటికీ నాలుగో తరాన్ని తొలగించలేదు. రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి, పాత చిరునామాకు ధర పలుకుతూనే ఉంది. పైగా కొత్త నిల్వను పంచే నియమాలూ ఇదే సభలో తయారవుతాయి. నిల్వ అంతులేనిదన్న భావనతో తొలినాళ్లలో చేసిన పంపకం ఏమైందో ఆ సభకే బాగా తెలుసు.

అమెరికాలోని క్లౌడ్, నెట్‌వర్క్ సంస్థలలో తెలుగువారు ఎందరో చిరునామాల పట్టికలను రోజూ చూస్తూంటారు. నియమాన్ని ప్రతిపాదించడానికి సభ్యత్వం అక్కరలేదు, పౌరసత్వం అక్కరలేదు, కంపెనీ పేరు అక్కరలేదు. ఓటుహక్కు లేని ప్రవాసికి ఇటువంటి సభ మరొకటి దొరకడం అరుదు. అక్కడ పనికొచ్చేది కాలువ మొదట కూర్చున్నవాడి అనుభవం కాదు. ఊళ్లో ఆఖరి మడికి నీరు ఎందుకు అందలేదో చూసినవాడు అడిగే ప్రశ్న ఆ సభకు కావాలి. ఆ ప్రశ్న వినబడనంతకాలం అక్కడ కుదిరే సమ్మతి నిజమైనదే, కాని అది వచ్చినవారి సమ్మతి మాత్రమే.