ప్రతినిధి ఎవరికి జవాబుదారీ?

అమెరికా రాజ్యాంగం 5వ అధికరణం కింద మూడింట రెండొంతుల రాష్ట్రాలు, అంటే 34, కోరితే సవరణల మహాసభ పిలవాలి. ఇంతవరకూ ఆ దారిన ఒక్క సభా జరగలేదు. అయినా పోయేవాళ్లకి ముక్కుతాడు ముందే సిద్ధం. శాసనసభ ఆదేశం దాటి ఓటేస్తే ఆ ఓటు చెల్లదనీ, తెలిసి దాటితే నేరమనీ 2013లో ఇండియానా చట్టం చేసింది. మరికొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి.

ఈ భయానికి మూలం 1787. పాత ఒప్పందాన్ని సవరించి రమ్మంటే ఫిలడెల్ఫియాకి పోయిన పెద్దలు కొత్త రాజ్యాంగమే రాసుకొచ్చారు. సరే, మేం అడిగేది వేరు. నల్ల బానిసల్ని ఐదింట మూడొంతుల లెక్కగట్టి, ఆ లెక్కతో యజమానుల రాష్ట్రాలకి సీట్లు పెంచిందీ ఆ సభే కదా! ఆ బానిసలకి ఏ ప్రతినిధి జవాబు చెప్పాడు? ఇప్పటి నిబంధనలూ ప్రతినిధిని శాసనసభకే కట్టేస్తాయి. ఆ శాసనసభలో బలం లేనివాళ్ల మాటేమిటో చెప్పవు.

ఈ కట్టు మనం ఎరిగిందే. 1932లో అంబేడ్కర్ ప్రత్యేక నియోజకవర్గాలకు పట్టుబట్టింది ఇందుకే. పూనా ఒడంబడిక 148 సీట్లిచ్చి ఓటుని ఉమ్మడి చేసింది. మొదటి విడతలో మనవాళ్లు నలుగుర్ని ఎంచితే, వాళ్లలో ఒకణ్ణి తేల్చేది ఊరంతా.