ముగింపు కత్తిరించిన కథ

కథకు ప్రాణం ఎక్కడుంటుందంటే, ముగింపులో ఉంటుందంటాను నేను. సందేహముంటే ఈ చిట్టి సినిమా సంగతి వినండి.

పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక వీధి. పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. మోటారుసైకిలు మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాణ్ణి చటుక్కున ఎత్తుకుపోతారు. చూసే తల్లికి గుండె గుభేలుమంటుంది. అంతలో వాళ్ళే వెనక్కి వచ్చి, పిల్లవాణ్ణి దింపి, ఒక అట్ట చూపిస్తారు... బిడ్డ మాయం కావడానికి క్షణం చాలునని! తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్నీ అనే సంస్థ ప్రచార చిత్రమది. నటన అనిపించనంత సహజంగా తీశారు. లోపమల్లా ఒకటే, అర్థమంతా ఆ చివరి ముక్కలోనే దాచారు.

ఎవరో పుణ్యాత్ముడు ఆ ముక్క కాస్తా కోసేశాడు. 2018లో ఆ మొండి బొమ్మ, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందన్న మాటలు తగిలించుకుని, వాట్సాప్‌లో మన దేశమంతా తిరిగింది. అదొక్కటే కారణమనను గాని, అలాంటి పుకార్లు ఊరూరా రాజుకున్నాయి. ఆ జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో, అడుక్కుని బతికే సంచారజాతివాళ్ళు అయిదుగురిని జనం కొట్టి చంపేశారు.

ఇలాంటివి పంపేవాళ్ళంతా దుర్మార్గులేనా? కాదండీ. "పిల్లలు జాగ్రత్తమ్మా" అంటూ పంపే అత్తయ్యలూ, పిన్నులూ, వదినలే ఎక్కువ. ప్రేమకు పుట్టిన భయం అది! ఇదివరకు దేవుడి పేరుతో పోస్టుకార్డులు వచ్చేవి, పదిమందికీ రాయకపోతే కీడంటూ. నాలుగో కార్డుకల్లా చెయ్యి నొప్పిపుట్టి బుద్ధి మేలుకొనేది. ఇప్పుడు బొటనవేలికి ఆ నొప్పి కూడా లేదు. 2018 జూలైలోనే వాట్సాప్‌వారు, మన దేశంలో ఒకసారికి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. మంచిదే! కాని ఆ అయిదూ అయిదు బంధువర్గాలైతే?

నాకు నచ్చింది మన గద్వాల పద్ధతి. అప్పుడక్కడ జిల్లా పోలీసు అధికారిణిగా ఉన్న రెమా రాజేశ్వరి, ఊరూరా డప్పులతో, పాటలతో అవి పుకార్లని చాటించారు. తెగిన ముగింపును తిరిగి అతకడమంటే అదీ!

నవల మీద రచయిత్రి పేరుంటుంది. నచ్చకపోతే ఉత్తరం రాసి నిలదీస్తారు మీరు. పేరులేని కబురుకు ఎవరిని నిలదీస్తాం? పంపినవాళ్ళదే దాని కింద సంతకం. ఎక్కడిది, ఎప్పటిది, చివర ఏముంది... ఈ మూడూ తెలియని కథను మన ఫోనులోనే ఆగిపోనిద్దాం. పోయేదేమీ లేదు సుమా, ఒక ప్రాణం నిలిస్తే నిలవవచ్చు.