కంది కోతల వేళ కొత్త ఏడాది

వికారాబాద్ జిల్లా తాండూరు చేలల్లో కంది కాయ ముదిరే రోజులకు కతోలిక విచారణల్లో ఏడాది మారిపోతుంది. క్రీస్తురాజు మహోత్సవంతో పాతది ముగుస్తుంది. తరువాతి ఆదివారానికి గురువు పూజావస్త్రం ఊదారంగుకు మారుతుంది, పూజలో మహిమ గీతం వినపడదు. ఆగమన కాలం మొదలైందన్నమాట. నవంబరు 27, డిసెంబరు 3 మధ్య వచ్చే ఆదివారమే ఆ తొలిరోజు. 2026లో అది నవంబరు 29.

బలిపీఠం పక్కన పచ్చని కొమ్మల వలయంలో నాలుగు కొవ్వొత్తులు నిలుపుతారు. మూడు ఊదావి, ఒకటి గులాబీది. వారానికొకటి చొప్పున వెలిగిస్తూ క్రిస్మస్‌కు చేరతారు. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే లూథరన్ పాదిరి తన ఆశ్రమంలోని పేద పిల్లల కోసం బండిచక్రం మీద కొవ్వొత్తులు పేర్చాడు. ఈ ఆచారానికి మూలం అదే. ఏటా నవంబరులో ధారూరు మెథడిస్టు జాతర జరిగే ఈ జిల్లాలో ఆ సంగతి గుర్తుంచుకోదగ్గది. ప్రొటెస్టెంటుల ఇంట వెలిగిన దీపమే కతోలికుల గుడికీ వచ్చింది.

ఆదివారం పఠనాలకు మూడేళ్ల చక్రం ఉంది. రెండో వాటికన్ మహాసభ తరువాత, 1969లో ఈ ఏర్పాటు వచ్చింది. ఎ సంవత్సరంలో మత్తయి, బి సంవత్సరంలో మార్కు, సి సంవత్సరంలో లూకా సువార్త చదువుతారు. ఏది ఎప్పుడో తెలియాలంటే రాబోయే ఏడాది అంకెను మూడుతో భాగిస్తే చాలు. శేషం ఒకటైతే ఎ, రెండైతే బి, ఏమీ మిగలకపోతే సి. 2027కు రెండు మిగులుతుంది కనుక ఇక మార్కు వంతు. మార్కు సువార్త చిన్నది. అందుకే బి సంవత్సరంలో జూలై, ఆగస్టుల్లో సాధారణంగా ఐదు ఆదివారాలు యోహాను ఆరో అధ్యాయానికి ఇస్తారు. రొట్టెల అద్భుతం, జీవాహారం గురించిన బోధ అందులోనివే. ప్రసంగాలను ముందే ఆలోచించుకునే గురువుకు సత్ప్రసాదం గురించి నింపాదిగా చెప్పే అవకాశం అది.

అయినా ఏడాది నడక తేలేది విచారణ సలహాసంఘం కూర్చున్నప్పుడే. 1983 నాటి శ్రీసభ చట్టం 536వ నిబంధన ప్రకారం ఈ సంఘానికి అధ్యక్షుడు విచారణ గురువు, సభ్యులది సలహా మాత్రమే. ఆర్థిక సంఘం మాత్రం తప్పనిసరి. ఇలాంటి ఐచ్ఛిక సంఘాలనూ తప్పనిసరి చేయాలని 2024 అక్టోబరులో రోమ్ సినడ్ తుది పత్రం కోరింది. కోరదగిన మార్పే. తాండూరు ప్రాంతం హైదరాబాద్ అగ్రపీఠంలోది. అగ్రపీఠాధిపతి పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. ఆ హోదా అందుకున్న తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే. ఆ పీఠంలో కూలికి పోయే ఆడవాళ్ల మాట సలహాసంఘంలో వినిపించకపోతే ఏ ప్రణాళికైనా కాగితం మీదే ఉండిపోతుంది.

ఎందుకంటే ఊరి పని వేళలు తెలిసినవాళ్లు వాళ్లే. నాపరాయి గనుల్లో పగలంతా గడిపినవాళ్ల ఇంటికి కుటుంబ ప్రార్థనకు వెళ్లాలంటే పొద్దుగూకాలి. కంది కోతలు డిసెంబరు, జనవరుల్లో వస్తాయి గనుక ఆగమన కాలపు ధ్యానకూటాలను ఉదయాన పెడితే సగం ఇళ్లు రాలేవు. పిల్లల సత్యోపదేశం బడులతోపాటు జూన్‌లో మొదలైతేనే నిలుస్తుంది. కర్ణాటక సరిహద్దు కావడంతో కన్నడం మాట్లాడే ఇళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న వస్తుంది. అప్పటికి కంది నూర్పిళ్లు అయిపోతాయి, కనుక శుక్రవారం సాయంత్రాల సిలువ మార్గాన్ని గుడికే పరిమితం చేయకుండా పల్లెపల్లెకూ తీసుకెళ్లవచ్చు.