చాందా సీమయందలి కోలామీ, నాయికీ భాషలు: ఒక విమర్శ

ఒక భాషకు వ్యాకరణము వెలువడినంత మాత్రమున ఆ భాషకు ఆయుర్దాయము కలుగదు. పూర్వము చాందా అనబడిన చంద్రపురము జిల్లా ఇందులకు నిదర్శనము. మరాఠీ, తెలుగు, గోండీ భాషలు కలసికొను ఈ సీమయందు కోలామీ, నాయికీ అను రెండు ద్రావిడ భాషలు చిరకాలముగ నున్నవి. వీనిని గూర్చి పండితులు చేసిన కృషి తక్కువది కాదు. కాని ఆ కృషిఫలము ఆ భాషలు మాట్లాడువారి ఇండ్లకు చేరినది మిక్కిలి స్వల్పము.

నాగపురమున నివసించిన స్టీఫెన్ హిస్లప్ సేకరించిన పదపట్టికలు ఆయన మరణానంతరము 1866లో ప్రకటితములైనవి. 1906లో వెలువడిన భారతీయ భాషాపరిశీలన నాలుగవ సంపుటమున ఈ భాషల నమూనాలు చోటుచేసికొన్నవి. పిమ్మట మరాఠీ చరిత్రకారుడుగ ప్రసిద్ధి గాంచిన సేతుమాధవరావు పగడీ 1950లో కోలామీ వ్యాకరణమును ప్రకటించెను. 1955లో వెలువడిన ఎమెనో గ్రంథము వీనన్నిటికంటె సమగ్రమైనది. వార్ధా ప్రాంతపు కోలాముల నోట స్వయముగ విన్న భాషకు ఆయన వ్యాకరణమును, కథలను, పదకోశమును సమకూర్చెను. 1961లో సుధిభూషణ్ భట్టాచార్య చాందా నాయికీని వర్ణించి, ఆదిలాబాదు ప్రాంతపు నాయిక్రీకంటె అది వేరని చూపెను. పేర్లలోని పోలికచే కలిగిన భ్రాంతి దానితో తొలగినది.

ఈ గ్రంథములు తెలుగువారికి చెప్పు విషయమొకటి కలదు. కోలామీ చెడిన తెలుగనియు, అడవి తెలుగనియు కొందరు తలచుట కలదు. ఆ తలపు నిలువదు. తెలుగు చెవికి కోలామీలో ‘కెవ్’ అందురు. కన్నడమున అది ‘కివి’. మన కార్చిచ్చులోని ‘చిచ్చు’నకు కోలామీలో ‘కిస్’ అందురు; కన్నడమున అది ‘కిచ్చు’. ఇకార, ఎకారములకు ముందున్న ప్రాచీన కకారము తెలుగున చకారముగ మారినది. కోలామీ దానిని మార్పక నిలుపుకొన్నది. ఈ మాటలయందు మారినది తెలుగేగాని కోలామీ కాదు. అట్లని కోలామీ అంతయు ప్రాచీనమనుటయు పొరపాటే. మన ‘నీరు’ అచ్చట తొలి నకారమును పోగొట్టుకొని ‘ఈర్’ అయినది. సంఖ్యావాచకములలో కొన్ని తెలుగునుండి గ్రహించినవే. భాషాశాస్త్రజ్ఞులు తెలుగును గోండీతో కూడ దక్షిణ మధ్య శాఖయందును, కోలామీ, నాయికీలను మధ్య శాఖయందును చేర్చుచున్నారు. కోలామీ తెలుగునకు జ్ఞాతియేగాని బిడ్డ కాదు.

పండితుల గ్రంథములలోని లోపము శాస్త్రమునకు సంబంధించినది కాదు. అవి ఆంగ్లమున, రోమను లిపిలో, విశ్వవిద్యాలయముల కొరకు వ్రాయబడినవి. కోలాము బాలుడు వానిని చదువలేడు. ప్రభుత్వ విధానములయందు గల లోపము వేరు. 1971 నుండి జనాభా లెక్కలు పదివేలమందికంటె తక్కువమంది మాట్లాడు భాషలను విడిగ ప్రకటించుట లేదు. 2011లో ప్రకటించిన 121 భాషలలో నాయికీ కానరాదు. 2013లో ఆరంభమైన అంతరించు భాషల రక్షణ పథకము పదివేలకు లోబడిన భాషలకే పరిమితము. కోలామీ మాట్లాడువారు దేశమంతట 2001లో 1,21,855 మంది, 2011లో 1,28,451 మంది. ఆ పథకమునకు ఈ సంఖ్య ఎక్కువ. అష్టమ షెడ్యూలునందు ఈ భాషకు చోటు లేదు. ఇట్లు కోలామీ రెండింటికిని చెడినది.

రాష్ట్రముల ఎల్లయు ఈ విషయమున అడ్డమైనది. నేడు చంద్రపురము జిల్లాలోనున్న రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. ఎల్ల మారినది గాని కోలాముల బంధుత్వములు మారలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించిన బహుభాషా విద్యాకార్యక్రమమున కోలామీ, గోండీలతో కూడ ఎనిమిది భాషలలో తెలుగు లిపియందు వాచకములు సిద్ధమైనవి. ఎల్లకు ఈవల చదువుకొను కోలాము బాలునికి దేవనాగరియేగాని తెలుగు లిపి తెలియదు. తన భాషలోని పుస్తకమే అతనికి పరాయిదగుచున్నది.

ఇచ్చటనే చంద్రపురపు తెలుగువారి కర్తవ్యము కానవచ్చుచున్నది. రెండు లిపులును వచ్చినవారు వీరిలో పెక్కురు కలరు. ఆ వాచకములను దేవనాగరిలోనికి మార్చి వ్రాయుట వీరికి కష్టసాధ్యము కాదు. అయితే ఆదిలాబాదు పలుకుబడికిని ఈవలి పలుకుబడికిని భేదములుండును గావున, ఏ మాట నిలుపవలెనో, ఏది మార్పవలెనో కోలాము పెద్దలే నిర్ణయింపవలెను. తెలుగువారు వ్రాతగాండ్రేగాని తీర్పరులు కారు. ఇక నాయికీ విషయమున వాచకములకంటె ముందు, దానిని ఎరిగిన వృద్ధుల పలుకులను వారి అనుమతితో ధ్వనిముద్రణ చేయుట అవసరము.

రాజ్యాంగమునందలి 350-ఎ అధికరణము అల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో ప్రాథమిక విద్య సమకూర్చవలెనని నిర్దేశించుచున్నది. మహారాష్ట్రమున తెలుగు బడులు కోరువారు ఆశ్రయించునది ఈ అధికరణమునే. అది తెలుగు బిడ్డకు ఎంత వర్తించునో కోలాము బిడ్డకును అంతే వర్తించును. తనకంటె చిన్న భాష పొరుగున క్షీణించుచుండగ మౌనము వహించిన సమాజము, తన భాష కొరకు చేయు విన్నపమునకు బలము తగ్గించుకొన్నదగును.