మణిగాడి పళ్ళెం

మా మణిగాడికి ఏప్రిల్ 15 తెలియదు. ఏప్రిల్ 18 మాత్రం బాగా తెలుసు. 15వ తేదీన చెన్నై కాశిమేడు హార్బరులో మరపడవలన్నీ ఒడ్డుకు చేరి కట్టుకొయ్యలకు కట్టుబడిపోతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఆ పడవలకు వేట నిషేధం. మొదట్లో 45 రోజులుండేది, తర్వాత 61 చేశారు. జూన్ 14 దాకా అంతే. ఐసులో మిగిలిన సరుకు రెండు మూడు రోజులు నడుస్తుంది. ఆ తర్వాత మా వీధిలో వాసన పలచబడుతుంది. వాడు పొద్దున్నే గేటు దగ్గరికి పోయి, ముక్కు పైకెత్తి, గాలిని అటూ ఇటూ వెతికి, వెనక్కొచ్చి నా వైపు చూస్తాడు. సముద్రాన్ని నేనే తాళం వేసి పెట్టినట్టు.

రాయపురంలో పుట్టిన కుక్క చేపలు తినక ఏం తింటుంది? ఊరి పేరే ఒక జాలరిది. సెయింట్ పీటర్‌ను తమిళంలో రాయప్పర్ అంటారు, ఆయన పేరిట పడవలవాళ్ళు కట్టుకున్న చర్చి ఇక్కడే ఉంది. మణి నాకు దొరికింది హార్బరు రోడ్డులో, ఐసుపెట్టెల చాటున. అరచేతిలో పట్టేంత ఉన్నాడు. నాటు కుక్క. రాజపాళయం కుక్కలాగా తపాలా బిళ్ళ మీదికెక్కే వంశం కాదు. కానీ తిండి దగ్గర మాత్రం జమీందారు.

వాడి తిండి మా అమ్మ పెట్టిన అలవాటు. మత్తి చేపలు ఉప్పు లేకుండా మెత్తగా ఉడికించి, ముళ్ళు చిదిమి, అన్నంలో కలిపి పిసికేది. పచ్చివి ఎప్పుడూ వెయ్యలేదు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను చెడగొట్టే పదార్థం ఉంటుందని, ఉడికిస్తే అది పోతుందని నేను తర్వాతెప్పుడో చదివాను. అమ్మకు ఆ సంగతి తెలియదు. "పచ్చిది పెడితే పాపంరా" అనేది, అంతే. పులుసులో ముక్క మాత్రం కడిగి పెడితే ఏంది అని ఇప్పటికీ వాదిస్తుంది. ఉల్లిపాయ కుక్క నెత్తుటి కణాలను చెడగొడుతుందని ఎన్నిసార్లు చెప్పినా, "మా నెల్లూరు కుక్కలు తినలేదా" అన్న ఒక్క మాటతో నా చదువంతా కొట్టేస్తుంది.

మణికి రెండేళ్ళున్నప్పుడు మొదటిసారి వాడి తిండి మార్చాల్సొచ్చింది. నిషేధం రోజులు. నాటు పడవలు తెచ్చే కొద్దిపాటి చేపకు వంజరం రేటు పలుకుతోంది. కోడిగుడ్డు ఉడికించి అన్నంలో కలిపి పెట్టాను. వాసన చూశాడు. తల పక్కకు తిప్పుకున్నాడు. అలిగిన కొత్తల్లుడికి మల్లే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు అప్పట్లో పౌరుషం ఎక్కువ. పళ్ళెం పెట్టడం, పావుగంట చూడడం, తినకపోతే మారు మాట లేకుండా తీసెయ్యడం, మళ్ళీ రాత్రికే పెట్టడం. మధ్యలో బిస్కెట్టు లేదు, బతిమాలడం లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒకటి రెండు పూటలు మానేస్తే ఏమీ కాదు. పిల్లి సంగతి వేరు, అది రెండు మూడు రోజులు మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది. మొదటి రోజు మణి ముట్టలేదు. రెండో రోజు గుడ్డు ఏరుకుని అన్నం వదిలేశాడు. మూడో రోజు రాత్రి పళ్ళెం నాకి నాకి గోడ దాకా నెట్టుకుపోయాడు. నేను గెలిచాననుకున్నాను. ఆఫీసులో ఆ పద్ధతి నలుగురికి పాఠంలాగా చెప్పాను కూడా.

నిజానికి గెలిచింది నేను కాదు. మూడో రోజు ఆ అన్నం మీద అమ్మ ఎండు మత్తి కాల్చి, పొడి చేసి చల్లిందని నెల తర్వాత బయటపడింది. ఇక్కడ దాన్ని కరువాడు అంటారు, నెల్లూరులోనూ అదే మాట. "వాడి కడుపు మాడ్చి నువ్వేం బావుకుంటావురా" అని నన్నే కసిరింది. అది మొదలు తొమ్మిదేళ్ళు, ప్రతి నిషేధంలోనూ కరువాడు పొడే వాడి కూర. పోనుపోను చేపలున్న నెలల్లో కూడా చిటికెడు పడకపోతే పళ్ళెం వైపు చూసేవాడు కాదు. చేపలమ్మే అక్క పొద్దున గేటు ముందు బుట్ట దించి, "మణీ, వాడా" అని పిలిచి ఒక తునక విసిరితేగాని కదిలేది కాదు. వీధి వీధంతా వాడికి ఉప్పు తినిపించింది.

పదకొండో ఏట నీళ్ళు ఎక్కువ తాగడం మొదలుపెట్టాడు. ఎండలనుకున్నాం. రాత్రిళ్ళు హాల్లోనే తడిపేవాడు. ముసలితనమనుకున్నాం. వెన్నెముక చేతికి తగిలేసరికి ఆటోలో వేపేరి తీసుకెళ్ళాను. 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీ అక్కడే ఉంది. పొద్దున్నే పోతే ఆవుల నుంచి చిలకల దాకా అందరూ వరసలో ఉంటారు. నెత్తురు పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీల పని ముప్పాతిక దాకా పోయాకగాని ఆ అంకె పైకి లేవదని డాక్టరమ్మ చెప్పినప్పుడు, నేను నేలవైపు చూస్తూ ఎన్ని చిటికెల కరువాడో లెక్క కడుతున్నాను. ఉప్పు వల్లే వచ్చిందని ఆవిడ అనలేదు. వయసుతోనూ వస్తుందంది. ఇక మీదట మాత్రం కరువాడు వద్దు, ముళ్ళతో చిదిమిన చేప వద్దు, ఫాస్ఫరస్ తగ్గాలి, కిడ్నీ కుక్కలకని చేసే తిండి ఉంటుంది, దానికి మార్చండి అంది.

ఆ సంచీ ఖరీదు మా ఇంటి రెండు వారాల కూరగాయలంత. లోపల గోధుమరంగు గింజలు. ఏ కంపెనీదైనా అమ్మకు అది పెడిగ్రీయే. ఈ తిండికి ఒక పుట్టుక కథ ఉంది. 1939లో అమెరికాలో మోరిస్ ఫ్రాంక్ అనే అంధుడు తనకు దారి చూపే బడ్డీ అనే కుక్కను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగేవాడు. దాని కిడ్నీలు చెడ్డాయి. న్యూజెర్సీలో మార్క్ మోరిస్ అనే పశువైద్యుడు, తిండి మారిస్తే కిడ్నీకి బరువు తగ్గుతుందేమోనని ఆలోచించి, దానికోసం ప్రత్యేకంగా ఒక వంట తయారుచేశాడు. భార్యాభర్తలు వంటింట్లో వండి గాజుసీసాలకెత్తి పంపేవారు. సీసాలు దారిలో పగులుతుంటే డబ్బాలకు మారారు. ఆ వంటింటి నుంచే ఈ సంచుల వ్యాపారమంతా వచ్చింది. ఊరికే వచ్చిన నమ్మకమూ కాదు. 2002లో 38 కిడ్నీ కుక్కల మీద చేసిన పరిశోధన అచ్చయింది. మామూలు తిండి తిన్నవాటికంటే ఈ తిండి తిన్నవాటికి ఒళ్ళు విషమించే గండాలు చాలా తగ్గాయి, ఎక్కువ కాలం బతికాయి కూడా. గుణం తెలుసు. తినాలి కదా!

తినడు. నాకు నా పాత విద్య గుర్తొచ్చింది. పావుగంట, పళ్ళెం ఎత్తెయ్, రాత్రికి మళ్ళీ పెట్టు. మొదటి రోజు ముట్టలేదు, ఇది మామూలే అనుకున్నాను. రెండో రోజు సాయంత్రం పసుప్పచ్చటి నురుగు కక్కి, మెట్టు కింద చల్లని గచ్చు మీద పడుకున్నాడు. గోడవైపు తిరగలేదు. నా వైపే చూశాడు, అలక లేదు ఆ చూపులో. ఫోన్ చేస్తే డాక్టరమ్మ నన్ను గట్టిగానే కేకలేసింది.

"సార్, ఆకలున్న కుక్కను మాడిస్తే దారికొస్తుంది. దీనికి ఆకలే లేదు, వికారముంది. దేన్ని మాడుస్తున్నారు మీరు?"

నెత్తుట్లో చెత్త పేరుకున్నప్పుడు కడుపులో తిప్పుతుందట. ఆ తిప్పట్లో ఏ తిండి వాసన ముక్కుకు తగిలితే నేరమంతా ఆ తిండి మీద పడుతుంది. కొత్త గింజలను అలాంటప్పుడు ముందుకు తోస్తే జన్మలో ముట్టదట. నాకది వెంటనే బోధపడింది. ఎనిమిదేళ్ళప్పుడు తిరుపతి బస్సులో నారింజ పిప్పరమెంటు చప్పరిస్తూ ఘాట్ రోడ్డులో వాంతి చేసుకున్నాను. తప్పు మలుపులది. శిక్ష పడింది పిప్పరమెంటుకు, యాభై ఏళ్ళుగా నడుస్తోంది. 1955లో జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త ఎలుకలకు తియ్యటి నీళ్ళు పెట్టి రేడియేషన్ తగిలించి ఇదే చూపించాడు. ఎలుకలు రేడియేషన్ను ఎక్కడ అనుమానిస్తాయి, తియ్యటి నీళ్ళనే అసహ్యించుకున్నాయి. తొమ్మిదేళ్ళ కిందటి మణి, ఇవాళ్టి మణి, ఇద్దరూ పళ్ళెం ముందు తల ఒకేలా తిప్పుకున్నారు. నేను తల తిప్పడం చూశాను, ఎందుకు తిప్పాడో చూడలేదు.

కాబట్టి మొదట సంచీని ఇంట్లోంచే తీసేసి మేడ మీద పెట్టాం. వికారానికి మందు. ఆ మందు తిండిలో కలపకూడదు, తిండి మీద అనుమానం పుడుతుంది. విడిగా నోట్లో వేసి గొంతు నిమరాలి. ఓ వారం తినగలిగిందే పెట్టమన్నారు, కరువాడు తప్ప. సరైన తిండి తినకుండా పడి ఉండడం కంటే సరికాని తిండైనా కడుపులో పడడం మేలని ఆవిడ అన్నప్పుడు అమ్మ నావైపు విజయగర్వంతో చూసింది. మెత్తటి అన్నం, గుడ్డు తెల్లసొన. కొంచెం కొంచెం తిన్నాడు.

ఆ తర్వాత కొత్త గింజలు, కొత్త చోట, కొత్త పళ్ళెంలో. పాత అల్యూమినియం గిన్నె దగ్గర నురుగు జ్ఞాపకం ఉందని దాన్ని దాచేశాం. మొదటి రోజు అయిదు గింజలు. అవును, లెక్కబెట్టి అయిదు. మామూలుగా వారం పది రోజుల్లో తిండి మార్చెయ్యొచ్చు, పాతది ముప్పాతిక కొత్తది పాతిక, తర్వాత సగం సగం, అలా. వీడికి నెలపైన పట్టింది. గోరువెచ్చటి నీళ్ళు పోసి మూత పెట్టి నానబెడితే వాసన లేస్తుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మన నాలుక మీద రుచిమొగ్గలు తొమ్మిది వేల దాకా ఉంటే కుక్కకు పదిహేడు వందలే అంటారు. వాడు తినేది ముక్కుతో. చల్లటి గింజ వాడికి గులకరాయి.

పన్నెండో రోజు అన్నమంతా తిని, ఇరవై గింజలనూ నాకి శుభ్రం చేసి, పళ్ళెం పక్కన గచ్చు మీద వరసగా పేర్చి పెట్టాడు. ఒక్కటి కూడా కొరకలేదు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. అంత ఓపిక ఉందంటే వికారం తగ్గినట్టే కదా.

దారి చూపింది అమ్మే. ఒకే ఒక్క మత్తి, చెంబెడు నీళ్ళలో, ఉప్పు లేకుండా మరగబెట్టి, చేప తీసేసి, నీళ్ళు వడగట్టి సీసాలో పోసింది. గింజల మీద రెండే చెంచాలు. డాక్టరమ్మను అడిగితే రెండు చెంచాలకైతే ఫరవాలేదంది. ఆ పూట మణి పళ్ళెం చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు ఆనించి, తోక ఒక్కసారే అటు ఆడించి, తిన్నాడు. ఆ రెండు చెంచాలను ఒకటిన్నర, ఒకటి, అర చేస్తూ పోవడానికి ఇంకో మూడు వారాలు. కొలత పట్టే పని అమ్మకు అప్పగించాం. తొమ్మిదేళ్ళు దొంగచాటుగా పెట్టిన చెయ్యి ఇప్పుడు చెంచా అంచున పైకొచ్చిన చుక్కను కూడా వంచి వెనక్కి పోస్తుంది.

చేపల అక్కకు చెప్పడమే కష్టమైంది. "నాన్ పోట్టదాలయా?" (నేను వేసినందుకేనా?) అని ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. నీ వల్ల కాదు, వయసు అని చెప్పాను, నాకు డాక్టరమ్మ చెప్పినట్టే. అప్పట్నుంచి మా గేటు దాటేటప్పుడు బుట్ట మీద తడిగోనె కప్పుకుని పోతుంది. మణికి అదేమీ తెలియకుండా ఉండదు. గోనె కింద ఏముందో వాడికి రకం, వయసు, పట్టిన పూటతో సహా తెలుసు. అయినా లేచి నిలబడి, బుట్ట మలుపు తిరిగేదాకా చూసి, కూర్చుంటాడు.

ఈసారి ఏప్రిల్ 18న గేటు దగ్గరికి పోయాడు. ముక్కెత్తాడు. వెనక్కొచ్చాడు. అమ్మ పళ్ళెం పెట్టింది, మీద మత్తి నీళ్ళు అరచెంచా. నిదానంగా తిన్నాడు. చివర్లో కొన్ని గింజలు తీసి పక్కన వరసగా పెట్టడం మాత్రం మానలేదు. అమ్మ రోజూ వంగి వాటిని ఏరి, లెక్కబెట్టి, క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాస్తుంది. మొదట్లో ఇరవై ఉండేవి. నిన్న మూడు.