తిరిగి ఇచ్చే ధర్మం: హోవర్డ్ వ్యవసాయ గ్రంథంపై విమర్శ

సర్ ఆల్బర్ట్ హోవర్డ్ రచించిన 'ఏన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్' అను గ్రంథం 1940లో వెలువడినది. రసాయనపు ఎరువులు లేని సేద్యాన్ని కోరేవారు నేటికీ దీనిని మూలగ్రంథాలలో ఒకటిగా ఎంచుతారు. మన పత్రికలో నాటకాలు, కీర్తనలు, శతకాలు విమర్శకు వస్తాయి గాని, ఎరువుల పుస్తకం ఎందుకని పాఠకులు అడుగవచ్చును. కారణం కలదు. ఈ గ్రంథంలో మన నాటల్ చెరకు తోటల ప్రస్తావన ఉన్నది. ఆ తోటల మట్టిలో మన పెద్దల చెమట ఉన్నది. కాబట్టి దీని బాగోగులు చెప్పుటకు మనకు కొంత అధికారం ఉన్నదని మేము తలచుచున్నాము.

హోవర్డ్ 1873లో ఇంగ్లండులో ఒక రైతు ఇంట పుట్టినాడు. 1905లో భారతదేశానికి వచ్చి బీహారులోని పూసాలో ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడుగా కొలువు చేసినాడు. 1924 నుండి 1931 వరకు ఇందూరులో పరిశోధన సంస్థను నడిపినాడు. ఆయన భార్య గాబ్రియెల్ కూడా శాస్త్రజ్ఞురాలే. ఆమె 1930లో మరణించినది. గ్రంథాన్ని ఆయన ఆమెకే అంకితం చేసినాడు. ఆ కాలపు దొరలలో అరుదైన గుణం ఒకటి ఆయనలో ఉండెను. రైతుకు పాఠం చెప్పవలెనని వచ్చినవాడు, రైతు వద్దనే పాఠం నేర్చుకున్నాడు. భారతీయ రైతులు తనకు గురువులని తన రచనలలో ఒప్పుకున్నాడు. ఈ వినయమే గ్రంథానికి మొదటి బలం.

గ్రంథసారం ఒక్క మాటలో చెప్పవలెనంటే, మట్టి నుండి తీసుకున్నది మట్టికి తిరిగి ఇవ్వవలెను. అడవికి ఎవ్వరూ ఎరువు వేయరు. అయినా అడవి ఎండిపోదు. ఆకు రాలుతుంది, జంతువుల పెంట దానిలో కలుస్తుంది, కంటికి కనబడని జీవులు ఆ రెంటినీ కుళ్ళబెట్టి మరల చెట్టుకు అందిస్తాయి. పెరుగుట, కుళ్ళుట, ఈ రెండు పళ్ళాలు సమంగా ఉన్నంత కాలం భూమి బాగుంటుందని హోవర్డ్ వాదం. ఇందూరులో ఆయన నిర్ణయించిన పద్ధతి కూడా ఇదియే. 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల గుంటలో ఆకు, చెత్త, పశువుల పేడ, మూత్రం పీల్చిన మట్టి, కట్టెల బూడిద పొరలు పొరలుగా వేసి, తడిపి, తిరగవేస్తూ ఉంటే సుమారు 3 నెలలకు నల్లని ఎరువు తయారగును. మన ఊళ్ళలో దిబ్బ ఎరువు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. కాని గాలి, నీరు, వేడి ఎంతెంత ఉండవలెనో కొలిచి చెప్పుట ఆయన చేసిన ఉపకారం.

ఇక చెరకు సంగతి. చెరకు అధ్యాయంలో హోవర్డ్ మన ఉత్తర తీరమందలి డార్నల్ తోటలను పేర్కొన్నాడు. అక్కడ చెరకు చెత్త మొదలైన వ్యర్థాలను కుళ్ళబెట్టి ఎరువు చేసిన సంగతి, చెరకు వేళ్ళతో కలిసి బ్రతికే శిలీంధ్రాలను పరిశీలించిన సంగతి చెప్పినాడు. చెత్తను కాల్చివేయుట మట్టి నోటి కూడు తీయుటే అని ఆయన భావం. ఈ మాట నిజమా కాదా అని పరీక్షించుటకు మనం దూరం పోనక్కరలేదు. మౌంట్ ఎడ్జ్‌కూంబ్‌లోని చెరకు పరిశోధన కేంద్రంలో 1939లో మొదలైన ప్రయోగం ఒకటి కలదు. కొన్ని మడులలో చెరకును కాల్చి కోస్తారు, కొన్నింటిలో పచ్చిగా కోసి చెత్తను నేలమీదనే పరచి ఉంచుతారు. దశాబ్దాల తరువాత చూడగా, చెత్త పరచిన మడులలో పైనున్న సుమారు 10 సెంటీమీటర్ల మట్టిలో జీవపదార్థం హెచ్చినది, వానపాములు వృద్ధి పొందినవి. హోవర్డ్ మాట నిలిచినది. అయినా ఇప్పటికీ మన రాష్ట్రంలో చాలా తోటలకు కోతకు ముందు నిప్పు పెడుతూనే ఉన్నారు. ఆకు కాలిపోతే కోత సులభం, రవాణా సులభం. మట్టికి కలిగే నష్టం ఆ సంవత్సరపు లెక్కలో కనబడదు.

ఇంతవరకు పొగిడినాము. ఇప్పుడు లోపాలు చెప్పుట విమర్శకుని ధర్మం.

మొదటిది. మంచి మట్టిలో పెరిగిన పైరుకు తెగులు అంటదని, తెగులు మట్టి దోషాన్ని చూపే సాక్షి మాత్రమేనని హోవర్డ్ గట్టిగా నమ్మినాడు. ఇందులో కొంత సత్యం ఉన్నది గాని అంతా సత్యం కాదు. నాటల్‌లో చాలాకాలం ఏలిన యూబా చెరకును చారల తెగులు కుంగదీసినది. అది వైరసు వల్ల కలిగి, చిన్న ఆకుమిడత ద్వారా ప్రాకే తెగులు. దాని నుండి తోటలను గట్టెక్కించినవి కొత్త చెరకు రకాలు. వాటిలో ముఖ్యమైనవి కోయంబత్తూరు నుండి వచ్చినవి. ఎంత ఎరువు వేసినా యూబా బ్రతికేదని చెప్పుటకు ఆధారం లేదు. గురువు మాటనైనా పొలంలో పరీక్షింపవలెనని నేర్పినవాడే ఇక్కడ పరీక్షను మించి మాట్లాడినాడు.

రెండవది ఇంతకన్న పెద్దది. హోవర్డ్ గ్రంథంలో సొంత భూమి దున్నే రైతు గురువుగా కనబడతాడు. తోట కూలీ మాత్రం ఎక్కువగా ఎరువు తయారీ ఖర్చులలో ఒక పద్దుగా కనబడతాడు. ఆ గుంటను తిరగవేసినవాడు రేపు ఈ నేలమీద ఉంటాడా, ఆ ఎరువు పండించిన పంటలో వానికి పాలు కలదా అన్న ప్రశ్న నాటల్ తోటల విషయంలో ఆయన వేయలేదు. మనకు అది చిన్న ప్రశ్న కాదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ డర్బన్ చేరినది మొదలు 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా ఈ తీరానికి వచ్చినారు. వారి మొదటి ఒప్పందం 5 ఏళ్ళు. మట్టిని బాగుచేయుటకు 5 ఏళ్ళు చాలవు. చాలినా, ఆ బాగు యజమానిది.

ఒప్పందం తీరిన తరువాత మనవారు ఏం చేసినారో చూడండి. ఉమ్‌గేని నది ఒడ్డున, స్ప్రింగ్‌ఫీల్డులో, క్లెయిర్‌వుడ్‌లో, కేటో మేనర్‌లో చిన్న చిన్న చెక్కలు కౌలుకు తీసుకుని కూరగాయలు వేసినారు. వంకాయ, మిరప, కొత్తిమీర, చిక్కుడు, జూలూ సోదరులు అమడుంబె అని పిలిచే చేమదుంప, ఒకే చెక్కలో కలిపి పండించినారు. పశువుల ఎరువు మోసి, నది నీళ్ళు కడవలతో పోసి, డర్బన్ నగరానికి కూర పెట్టినారు. హోవర్డ్ చెప్పిన మిశ్రమ పంట, తిరిగి ఇచ్చే ధర్మం, ఈ రెండూ ఆయన గ్రంథం రాకముందే ఆ తోటలలో జరుగుచుండెను. అయితే కౌలు చేతిలో నిలుస్తుందన్న ధైర్యం ఎంతమందికి ఉండెను?

1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చినది. కేటో మేనర్ నుండి, క్లెయిర్‌వుడ్ నుండి మనవారిని లేపి, 1964 నుండి చాట్స్‌వర్త్ ఇళ్ళలో దింపినారు. సామాను బండి ఎక్కినది. దేవుని పటాలు బండి ఎక్కినవి. కరివేపాకు మొక్కను కూడా వేళ్ళతో పెళ్ళగించి తీసుకుపోవచ్చును. ఏళ్ళ తరబడి పెంట వేసి నల్లబరచిన జానెడు మట్టిని ఎవరు మోయగలరు? అది అక్కడే ఉండిపోయినది. 1994లో భూమి హక్కుల పునరుద్ధరణ చట్టం వచ్చి, 1913 జూన్ 19 తరువాత జాతి చట్టాల వల్ల భూమి హక్కు పోయినవారు అర్జీ పెట్టుకొనవచ్చునన్నది. స్థలానికి వెల కట్టవచ్చును, ఇంటికి వెల కట్టవచ్చును. ఆ మట్టికి ఏ తూకంతో వెల కడతారు?

ఇక్కడ న్యాయంగా మరొక మాట కూడా చెప్పవలెను. మన పెద్దలు రాకముందు ఈ నేల జూలూ ప్రజలది. పశువుల మందలు, జొన్న చేలు ఉన్న కొండవాలులే చెరకు తోటలైనవి. ప్రతి నవంబరులోను మన సభలలో, మనవారు అడవిని నరికి బంగారు పంట పండించినారని పొగడుతారు. ఆ పొగడ్తలో సగమే నిజం. అనేక విధాల మొక్కలున్న నేలను ఒకే పంటకు అప్పగించిన పని అది, చేయించినవాడు వేరైనా. మనం గర్వించవలసినది చెరకును చూసి కాదు, ఆ చిన్న కూరతోటలను చూసి అని మా అభిప్రాయం.

కనుక హోవర్డ్ గ్రంథం చదువవలసినదే. భాష సులువు, వాదం సూటి. కాని తిరిగి ఇచ్చే ధర్మాన్ని ఆయన చెత్తకు, పేడకు మాత్రమే వర్తింపజేసినాడు. దానిని మనుష్యులకు కూడా వర్తింపజేసి చదువవలెను. నేలమీద నిలకడ లేనివానిని నేలను పోషింపుమని అడుగుట న్యాయం కాదు. నేడు కౌలుకు దున్నేవారికి, తోటలలో దినకూలికి పనిచేసేవారికి, వారు ఏ జాతివారైనా, ఈ మాట వర్తిస్తుంది.

మన తెలుగు తరగతుల ఉపాధ్యాయులకు ఒక మనవి. కూరతోటలు చేసిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఏ నెలలో ఏ విత్తు వేసినారు, ఎరువు ఎక్కడ నుండి తెచ్చినారు, కౌలు ఎంత కట్టినారు అని పిల్లలచేత అడిగించి, తెలుగులో వ్రాయించండి. హోవర్డ్ వ్రాయని అధ్యాయం వారి వద్ద ఉన్నది.