టంకశాల తప్పా, బజారు దెబ్బా?

పది రూపాయల బిళ్ల చెల్లదని తిప్పి పంపే దుకాణాలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆ బిళ్ల 14 నమూనాల్లో వచ్చిందనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. బిళ్లను నమ్మని మనిషే, అక్షరం చెరిగిన రూపాయికి లక్షలిస్తారని ఫోన్‌లో ఎవరో చెబితే నమ్ముతాడు. నాణెం ఎలా పుడుతుందో తెలిస్తే ఈ రెండు భ్రమలూ వదులుతాయి.

లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్ల కోసి, అంచు ఒత్తి గట్టు లేపుతారు. దాన్ని కాలర్ అనే ఉక్కు కడియంలో పెట్టి, కిందా పైనా ఉన్న అచ్చుల మధ్య యంత్రంతో దెబ్బ వేస్తారు. ఆ దెబ్బ పూర్తయ్యేలోపు జరిగిందే టంకశాల తప్పు. తరవాత జేబులో, గల్లాపెట్టెలో, బండి చక్రం కింద జరిగిందంతా ఉత్త దెబ్బే.

అందుకే బిళ్లను చూడగానే అడగాల్సింది ఒకటే: ఇక్కడి లోహం ఎటు పోయింది? అచ్చు పగిలితే పగులులోకి లోహం ఎక్కి, నాణెం మీద గీత ఉబ్బుగా వస్తుంది. మేకుతో గీస్తే గీత లోపలికి దిగుతుంది. గోరుతో తడిమినా తేడా తెలుస్తుంది. అచ్చులో జిడ్డు పేరుకుంటే కొన్ని అక్షరాలు సరిగా పడవు, చుట్టూ మెరుపు మాత్రం చెదరదు. అరుగుదలైతే ఎత్తైన చోటనే మొదలవుతుంది, ముందు సింహాల జూలు నున్నబడుతుంది. అంకె మాయమై, ఆ చోట సన్నటి గీతలు కనిపిస్తే అది ఆకురాయి పని.

అంచు తెగిన నాణెం దగ్గర కాస్త ఆగాలి. రేకులో ఇదివరకే కోసిన తూటు మీద, బిళ్లలు కోసే పంచ్ మళ్లీ పడితే, నెలవంకలా కొరత ఉన్న బిళ్ల వస్తుంది. గట్టు లేపేటప్పుడు కొరత దగ్గర ఒత్తిడి ఉండదు కాబట్టి సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచు కూడా చాలాసార్లు బలహీనంగా వస్తుంది. ఆకురాయి పట్టినవాడికి ఈ సంగతి గుర్తుండదు. వాడు ఒక పక్క రాస్తాడు, ఎదుటి అంచు నిండుగానే మిగులుతుంది.

ఒక ముఖాన బొమ్మ, రెండో ముఖాన అదే బొమ్మ తిరగబడి లోపలికి దిగి ఉంటే సేకర్తలు దాన్ని లఖీ అంటారు. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోయి, తరవాతి బిళ్లకు తానే అచ్చవడం వల్ల ఇలా జరుగుతుంది. రెండు నాణేలను వైస్‌లో బిగించి దొంగ లఖీలు చేసేవారూ ఉన్నారు. వాటిలో దిగిన గుర్తు అసలు ముద్ర మీదే పడి కలగాపులగంగా ఉంటుంది. అనుమానమొస్తే అవుసులాయన కాటా మీద తూయండి. పది రూపాయల బిళ్ల సుమారు 7.7 గ్రాములు ఉండాలి.

సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది. గుర్తేమీ లేకపోతే కోల్‌కతాది, దాన్ని తప్పు ముద్ర అని అమ్మజూపితే నవ్వి ఊరుకోండి.

నాగల్‌గిద్ద వైపు ఇళ్లలో పాత పెట్టె తెరిస్తే లెక్క మారుతుంది. 1956 దాకా ఈ ప్రాంతం ఉన్న నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది, నిజాం నాణెం హాలీ సిక్కా చలామణి అయిన నేల ఇది. సమ్మెటతో కొట్టిన పాత రూపాయల్లో అచ్చు బిళ్లకన్నా పెద్దది, అందుకే అక్షరాలు సగమే పడ్డాయి. అది తప్పు కాదు, ఆ పనితనమే అంత. వెండి మంచిదో కాదో చూడడానికి సాహుకార్లు కొట్టిన చిన్న గుర్తులు కూడా టంకశాలవి కావు. 1943-47 నాటి పైసకు నడుమ ఉన్న తూటు అచ్చంగా టంకశాల పెట్టిందే. తండాల్లో లంబాడా ఆడవాళ్ల నగల్లో చేరిన రూపాయలకు మాత్రం తూటో, టంకం మచ్చో ఉంటుంది. సేకర్త దాన్ని దెబ్బగా లెక్కగట్టి ధర తగ్గిస్తాడు. నాకైతే ఎన్నో అచ్చు తప్పులకన్నా ఆ మచ్చే విలువైనది.

మీ దగ్గర వింత బిళ్ల ఉంటే చింతపండుతో తోమకండి, తోమితే ఉన్న విలువా పోతుంది. పాత నాణేల కొనుగోలు పేరుతో, తన పేరు చెప్పి ఫీజులు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. లక్షలిస్తామని ముందుగా డబ్బు కట్టమన్నవారికి ఒక్క రూపాయీ పంపకండి.